నోటిమాటతో బ్యాంకు తగాదా తెగదు

కూలి డబ్బు ఖాతాలో పడిందంటారు. చేతికి మాత్రం రాదు. వేలిముద్ర వేస్తే మిషను "ఫెయిల్" అంటుంది. తీరా పాసుపుస్తకం ప్రింటు చేయిస్తే డబ్బు తీసుకున్నట్టే ఉంటుంది. ఇదేమిటయ్యా అని అడగబోతే కౌంటరులోని ఉద్యోగి "ఆ మిషను పెట్టుకున్నాయన్ని అడుగు" అంటాడు. మిషను పెట్టుకున్నాయన "బ్యాంకును అడుగు" అంటాడు. ఈ తిరుగుళ్లలో రెండు రోజుల పని పోతుంది, ఆటో చార్జీలు పోతాయి. మూడోసారి వెళ్లడానికి మనసొప్పక "పోతే పోయిందిలే" అని ఊరుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

పోయింది 300 రూపాయలే కావచ్చు, 1,000 రూపాయలే కావచ్చు. బ్యాంకు లెక్కల్లో అది చిల్లర. కూలివాడి ఇంట్లో అది వారం రోజుల బియ్యం, పిల్లవాడి మందు సీసా. కనుక ఈ తగాదాను చిన్న విషయమని తోసిపుచ్చడానికి వీల్లేదు.

ఐతే ఈ తగాదా ఎక్కడ ఓడిపోతున్నామో ముందు తెలుసుకోవాలి. చట్టం లేక ఓడిపోవడం లేదు. నిబంధనలు లేక ఓడిపోవడం లేదు. మన ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కకపోవడం వల్ల ఓడిపోతున్నాం. కౌంటరు దగ్గర ఎంత గట్టిగా అరిచినా, మేనేజరు గదిలో ఎంతసేపు బతిమాలినా, రాతపూర్వకంగా లేని ఫిర్యాదును బ్యాంకు ఫిర్యాదుగా లెక్కించదు. పైఅధికారి వచ్చి చూస్తే ఆ బ్రాంచిలో తగాదాలే లేవు! ఒక్క కాగితం రాసి, దాని మీద తేదీతో ముద్ర వేయించుకుంటే, ఆ రోజు నుంచి గడువు మనకు కాదు, బ్యాంకుకు మొదలవుతుంది.

మనం కోరి వెళ్లలేదు

1969 జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేశారు. 1980 ఏప్రిల్ 15న మరో 6 బ్యాంకులను చేశారు. 1975 అక్టోబరు 2న గ్రామీణ బ్యాంకులు మొదలయ్యాయి. వడ్డీ వ్యాపారి గుప్పిట్లో ఉన్న రైతాంగానికి, చేతివృత్తులవారికి, కూలీలకు బ్యాంకు తలుపు తెరుస్తామని ఆనాడు చెప్పారు. 2014 ఆగస్టులో జనధన్ పథకం పెట్టి ప్రతి ఇంటికీ ఖాతా అన్నారు. ఖాతాలైతే వచ్చాయి.

ఇవాళ ఉపాధి పని కూలి ఖాతాలోనే పడుతుంది. పింఛను, గ్యాసు రాయితీ, పిల్లల స్కాలర్‌షిప్పు, రైతుకు వచ్చే పెట్టుబడి సాయం - ఏది రావాలన్నా ఖాతా ఉండాల్సిందే. పాత రోజుల్లో మేస్త్రీ కూలి తక్కువ ఇస్తే పదిమంది ముందు నిలదీసేవాళ్లం. చేతిలో పడిన డబ్బు అక్కడే లెక్క చూసుకునేవాళ్లం. ఇప్పుడు లెక్క మనకు కనిపించని చోట జరుగుతున్నది. అడగవలసిన మనిషి ఎవరో కూడా తెలియడం లేదు.

బ్యాంకుకు వెళ్లడం మనం ఎంచుకున్న దారి కాదు, ప్రభుత్వం వేసిన దారి. అలాంటప్పుడు ఆ దారిలో జరిగే నష్టానికి జవాబు చెప్పే బాధ్యత బ్యాంకుది. చట్టం దృష్టిలో ఖాతాదారు వినియోగదారుడు. బ్యాంకింగు ఒక సేవ అని వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా చెప్పింది. 1986 చట్టంలోనూ ఉంది, దాని స్థానంలో 2020 జులై నుంచి అమలవుతున్న 2019 చట్టంలోనూ ఉంది. కాబట్టి మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడవలసిన అవసరం లేదు. మనం అడిగేది దయ కాదు, మన సొమ్ముకు లెక్క.

ఏ తగాదాకు ఏ నిబంధన?

పల్లెల్లో తరచుగా వచ్చే తగాదాలు అయిదు రకాలు.

మొదటిది: మిషను డబ్బు ఇవ్వలేదు, ఖాతాలో మాత్రం కోత పడింది. ఏటీఎం కావచ్చు, ఊళ్లోని వేలిముద్ర మిషను కావచ్చు. దీనిపై రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఉత్తర్వు ఇచ్చింది. లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ డబ్బును బ్యాంకు తనంతట తానే ఖాతాలో తిరిగి వేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. ఖాతాదారు అడిగినా అడగకపోయినా చెల్లించాలన్నది ఆ ఉత్తర్వు సారాంశం. "పది రోజుల్లో దానంతటదే పడుతుందిలే" అని పంపించేసే ఉద్యోగిని, "అయిదు రోజుల తర్వాత రోజుకు 100 చొప్పున కలిపి వేస్తారా?" అని అడిగి చూడండి.

రెండోది: మోసం. వేలిముద్ర మిషను పట్టుకున్న బ్యాంకు మిత్ర "ముద్ర సరిగా పడలేదమ్మా, మళ్లీ వెయ్యి" అని రెండుసార్లు వేయిస్తాడు. రెండుసార్లూ డబ్బు తీసి, ఒకసారి మాత్రమే చేతికి ఇస్తాడు. అందరూ ఇలా చేస్తారని కాదు. కమీషను చాలక బతుకీడుస్తూ నిజాయితీగా పనిచేసే బ్యాంకు మిత్రలు ఎందరో ఉన్నారు. వాళ్లూ కష్టజీవులే. కాని తప్పు జరిగినప్పుడు "అతను మా ఉద్యోగి కాదు" అని బ్యాంకు చేతులు దులుపుకోవడం చెల్లదు. 2006 జనవరిలో ఈ బ్యాంకు ప్రతినిధుల పద్ధతిని అనుమతించిన నాడే, వాళ్లు చేసిన పనికీ చేయని పనికీ బాధ్యత బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు చెప్పింది.

ఇక మనం ఎక్కడికీ వెళ్లకుండానే డబ్బు మాయమయ్యే మోసం ఒకటుంది. భూమి రిజిస్ట్రేషను కాగితాల మీది వేలిముద్రలకు నకలు తయారుచేసి ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలను తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు పట్టుకున్నారు. ఇలాంటివాటికి 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఆధారం. లోపం బ్యాంకుదైతే ఖాతాదారు పైసా కూడా నష్టపోనక్కర్లేదు. బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడోవాడి మోసమైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోగా తెలియజేస్తే మొత్తం డబ్బు తిరిగి రావాలి. 4 నుంచి 7 పనిదినాల మధ్య తెలియజేస్తే ఖాతాదారు మీద పడే నష్టానికి ఒక పరిమితి పెట్టారు. జనధన్ వంటి కనీస ఖాతాకు అది 5,000 రూపాయలు. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో వేయాలనీ, 90 రోజుల్లో తగాదా తేల్చాలనీ ఆ ఉత్తర్వు ఆదేశించింది. అన్నిటికన్నా ముఖ్యం: తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయవలసిన భారం బ్యాంకు మీదనే పెట్టింది. ఐతే పిన్ నంబరో, ఫోనుకు వచ్చిన ఓటీపీనో మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదేనని కూడా అందులో ఉంది. కాబట్టి మోసం తెలిసిన గంటలోనే 1930 నంబరుకు ఫోను చేయాలి. అదే రోజు బ్యాంకులో కాగితం ఇవ్వాలి. 1947 నంబరుకు ఫోను చేసి, ఆధార్ వేలిముద్రకు తాళం వేసుకునే పద్ధతి అడిగి తెలుసుకోవాలి.

మూడోది: కూలి డబ్బును అప్పు బాకీ కింద ఆపేయడం. ఇది అన్నిటికన్నా దుర్మార్గమైనది. ఎప్పుడో తీసుకున్న పంట రుణం బాకీ ఉందనో, పొదుపు సంఘంలో మరెవరో వాయిదా కట్టలేదనో ఖాతాకు "హోల్డ్" పెడతారు. చెప్పాపెట్టకుండా పెడతారు. ఎండలో మట్టి తవ్విన ఆడమనిషి కూలి డబ్బు కోసం వెళితే, "ముందు మీ సంఘాన్ని కట్టమను" అంటారు.

దీనికి బ్యాంకులు చూపే ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షను. తమ చేతికి వచ్చిన ఖాతాదారు ఆస్తిని బాకీకి హామీగా అట్టేపెట్టుకునే హక్కు బ్యాంకర్లకు ఉందని అది చెబుతుంది. కాని మరో చట్టమూ ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం డిక్రీ పుట్టిన బాకీకి కూడా కూలివాడి కూలిని జప్తు చేయరాదు. సేద్యగాడి పనిముట్లను, సేద్యానికి అవసరమైన పశువులను కూడా జప్తు చేయరాదు. న్యాయమూర్తి ముట్టరాని కూలిని బ్రాంచి మేనేజరు ఒక్క మీట నొక్కి ఆపేయవచ్చునా? ఈ రెండు చట్టాల తగవు ఒక్క ఉత్తరంతో తేలిపోతుందని మేము చెప్పడం లేదు. కాని ఆ ప్రశ్నను రాతపూర్వకంగా అడిగినప్పుడు మేనేజరు జవాబు కూడా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఏ బాకీకి, ఏ కాగితం మీది ఏ సంతకాన్ని బట్టి, ఏ తేదీన నోటీసు ఇచ్చి ఈ ఖాతా ఆపారో చెప్పమని అడగండి. నోటీసే లేకుండా ఆపి ఉంటే ఆ విషయం అక్కడే బయటపడుతుంది.

నాలుగోది: అడగని కోతలు. ఏటా మే నెలాఖరులో 436 రూపాయలు, 20 రూపాయలు కోత పడడం చాలామంది పాసుపుస్తకాల్లో కనిపిస్తుంది. మొదటిది జీవన్ జ్యోతి బీమా, రెండోది సురక్షా ప్రమాద బీమా. 2022 జూన్ నుంచి ఈ రేట్లు అమల్లోకి వచ్చాయి. ఖాతాదారు ఒప్పుకుని సంతకం చేస్తేనే ఈ కోత వేయాలి. సంతకం చేయకుండా కోస్తే ఒప్పుకోలు పత్రం చూపించమని అడగవచ్చు, చూపకపోతే తిరిగి వేయమనవచ్చు. ఐతే కార్యకర్తలు ఇందులో రెండో వైపు కూడా చూడాలి. ఇంటి పెద్ద చనిపోయిన తర్వాత ఆ పాసుపుస్తకాన్ని పెట్టె అడుగున పడేస్తారు. అందులో ఆ సంవత్సరపు 436 రూపాయల కోత ఉంటే ఆ కుటుంబానికి 2 లక్షల రూపాయలు అడిగే హక్కు ఉండవచ్చు. ప్రమాదంలో చనిపోతే 20 రూపాయల కోత మీద మరో 2 లక్షలు. మన ఊళ్లో చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు పాసుపుస్తకం చూడడం కూడా మన బాధ్యతగా పెట్టుకోవాలి. ఆలస్యమైతే బీమా కంపెనీ కొర్రీలు పెడుతుంది.

కనీస నిల్వ లేదని వేసే జరిమానా కూడా ఈ కోవలోదే. జనధన్ వంటి కనీస సేవింగ్స్ ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదు, జరిమానా వేయరాదు. మామూలు ఖాతాల్లోనూ ఆ జరిమానా వల్ల ఖాతా సున్నా కిందికి పోరాదని 2014 నవంబరులో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. "నీ ఖాతా మైనస్‌లో ఉంది, ముందు అది కట్టు" అంటే, ఆ మైనస్ ఎలా వచ్చిందో లెక్క అడగండి.

అయిదోది: అప్పు పూర్తిగా తీరినా కాగితాలు తిరిగి ఇవ్వకపోవడం. ఇంటి పత్రాలు, భూమి పత్రాలు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు తీరిన తర్వాత 30 రోజుల్లోగా వాటిని తిరిగి ఇవ్వాలని 2023 సెప్టెంబరు 13న రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. ఇంత గట్టి నిబంధన చేతిలో ఉండి కూడా, "పై ఆఫీసు నుంచి రావాలి" అన్న ఒక్క మాటకు నెలల తరబడి తిరగడం ఎందుకు?

కాగితం ఎలా రాయాలి?

ముందు పాసుపుస్తకం ప్రింటు చేయించాలి. అది లేకుండా ఏ తగాదా నిలబడదు. వేలిముద్ర మిషను దగ్గర ప్రతిసారీ చీటీ అడగాలి. "ఫెయిల్" అన్నప్పుడు కూడా ఆ ఫెయిల్ అయిన చీటీ అడగాలి. ఫోనుకు వచ్చిన మెసేజీని తుడిచేయకూడదు.

ఫిర్యాదు తెలుగులోనే రాయవచ్చు. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. ఈ మాదిరిగా రాస్తే చాలు:

"బ్రాంచి మేనేజరు గారికి. నా పేరు ఫలానా. ఊరు ఫలానా. నా ఖాతా నంబరు ఇది. ఫలానా తేదీన, ఫలానా చోట వేలిముద్ర మిషనులో 1,000 రూపాయలకు ముద్ర వేశాను. డబ్బు నా చేతికి రాలేదు. పాసుపుస్తకంలో మాత్రం డబ్బు తీసినట్టు ఉంది. ఆ పేజీ నకలు జతచేశాను. ఆ 1,000 రూపాయలూ, నిబంధన ప్రకారం రావలసిన పరిహారమూ నా ఖాతాలో వేయవలసిందిగా కోరుతున్నాను. వేయని పక్షంలో కారణం రాతపూర్వకంగా తెలియజేయండి."

కింద సంతకమో వేలిముద్రో, తేదీ. అంతే. ఏమి జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎంత పోయింది, ఏమి కావాలి - ఈ నాలుగూ ఉంటే అది పూర్తి ఫిర్యాదు. తిట్లు రాయవద్దు. మన కోపం న్యాయమైనదే, కాని దాన్ని సాకుగా చూపి అసలు విషయాన్ని పక్కన పెడతారు.

రెండు ప్రతులు రాయాలి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోవాలి. ప్రతి బ్రాంచిలో ఫిర్యాదుల పుస్తకం ఉండాలి, అది చూపించమని అడగాలి. "ముద్ర వేయం, ఇచ్చి వెళ్లండి" అంటే గొడవ పడనక్కర్లేదు. పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోవాలి. ఆ రసీదే సాక్ష్యం.

30 రోజులు దాటితే

ఫిర్యాదు అందిన 30 రోజుల్లోగా బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దేశమంతటికీ కలిపి ఒకే పథకంగా ఇది 2021 నవంబరు 12న మొదలైంది. దీనికి రుసుము లేదు. వకీలు అక్కర్లేదు. నిజానికి వకీలు ద్వారా పంపితే తీసుకోరు. ఖాతాదారు రాసిచ్చిన అధికారంతో వకీలు కాని మరో మనిషి తరఫున నిలబడవచ్చు. సంఘం కార్యకర్తకు ఇక్కడ చోటు ఉందని గమనించాలి. ఫిర్యాదును ఇంటర్నెట్టులో పంపవచ్చు, లేదా చండీగఢ్ సెక్టారు 17లోని రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల కేంద్రానికి పోస్టులో పంపవచ్చు. పిన్ కోడ్ 160017. 14448 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో కూడా వివరం చెబుతారు.

ఇక్కడే చాలామంది దెబ్బతినేది. బ్యాంకుకు ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయకుండా నేరుగా అంబుడ్స్‌మన్‌కు పంపితే దాన్ని విచారించకుండానే మూసేస్తారు. అందుకే ఆ ముద్ర వేసిన ప్రతి అంత ముఖ్యం. అది లేనివాడికి రెండో మెట్టు లేదు. గడువులు కూడా ఉంటాయి కాబట్టి 30 రోజులు దాటిన వెంటనే పంపాలి, నెలల తరబడి ఊరుకోకూడదు.

అంబుడ్స్‌మన్ కాకుండా జిల్లా వినియోగదారుల కమిషను కూడా ఉంది. తగాదా పుట్టిన 2 సంవత్సరాల్లోగా కేసు వేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉన్న కేసులకు రుసుము లేదని 2020 నిబంధనల్లో పెట్టారు. బ్యాంకు హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే, మనం నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చునన్నది 2019 చట్టంలో కొత్తగా వచ్చిన మేలు. మన కేసు మనమే చెప్పుకోవచ్చు. వకీలు కావాలనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఒకే తగాదాను ఒకే సమయంలో రెండు చోట్ల వేయకూడదు. కమిషనులో ఉన్నదాన్ని అంబుడ్స్‌మన్ తీసుకోడు.

సహకార సంఘంలో జరిగిన తగాదాకు ఇది వర్తించదని, సహకార చట్టం వేరని కొందరు కార్యదర్శులు చెబుతుంటారు. ఈ వాదన సుప్రీంకోర్టులో 2003లోనే వీగిపోయింది. తమిళనాడులోని తిరుమురుగన్ సహకార వ్యవసాయ పరపతి సంఘంలో వడ్ల బస్తాలు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్న సభ్యులు వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. అలా వెళ్లే హక్కు సభ్యులకు ఉందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ప్రభుత్వ రంగ బ్యాంకైతే మన చేతిలో మరో ఆయుధం ఉంది, 2005 నాటి సమాచార హక్కు చట్టం. మన ఫిర్యాదు ఎవరి బల్ల మీద ఎన్ని రోజులు ఉందో, దాని మీద ఏమి రాశారో 10 రూపాయలు కట్టి అడగవచ్చు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆ 10 కూడా కట్టనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఒక హెచ్చరిక. బాకీదారులను లోక్ అదాలత్‌కు పిలిచి రాజీ పత్రం మీద సంతకం పెట్టిస్తారు. రాజీ మంచిదే, వడ్డీ తగ్గవచ్చు. కాని అక్కడ అయిన తీర్పు మీద అప్పీలు లేదు. చదివించుకోకుండా, లెక్క అర్థం కాకుండా సంతకం పెట్టరాదు. "రేపు పెడతాను" అనే హక్కు ప్రతి మనిషికీ ఉంది.

కార్యకర్తల పని

ఈ దారులన్నీ చదువూ, ఫోనూ, తీరికా ఉన్న ఒంటరి ఖాతాదారును మనసులో పెట్టుకుని వేసినవి. కూలివాడి దగ్గర ఈ మూడూ లేవు. ఒక్కడుగా వెళితే 500 రూపాయల కోసం 800 రూపాయల కూలి పోగొట్టుకుంటాడు. అందుకే ఇది సంఘం పని.

ఊళ్లో నెలకు ఒక సాయంత్రం పాసుపుస్తకాల రోజు పెట్టండి. చదువుకున్న యువకులను, యువతులను కూర్చోబెట్టి ప్రతి పుస్తకంలోని పద్దులు పైకి చదివించండి. ఎవరికి ఏ కోత పడిందో ఒక నోటుపుస్తకంలో రాయండి. ఒకే మిషను దగ్గర పదిమందికి నష్టం జరిగిందని తేలితే, అది పదిమంది పొరపాటు కాదని బ్యాంకు పైఅధికారికి కూడా అర్థమవుతుంది. ఎవరి ఫిర్యాదు వాళ్ల పేరుతో విడివిడిగా రాయాలి, ఇవ్వడానికి మాత్రం అందరూ కలిసి వెళ్లాలి. విడి కాగితాలు చట్టానికి కావాలి. కలిసి వెళ్లడం ధైర్యానికి కావాలి. ఒకేసారి ఇరవై కాగితాలు చేరిన మేనేజరు వాటిని డ్రాయరులో పడేయలేడు.

అదే సమయంలో మనలో ఒక్కరు కూడా దళారి కాకూడదు. ఫిర్యాదు రాసినందుకు డబ్బు తీసుకోకూడదు. ఎవరి పాసుపుస్తకమూ, ఏటీఎం కార్డూ, పిన్ నంబరూ మన దగ్గర పెట్టుకోకూడదు. సాయం చేసే మనిషి పేరుతోనే పల్లెల్లో ఎన్నో మోసాలు జరిగాయి. జనం నమ్మకం ఒకసారి పోతే తిరిగి రాదు.

బ్యాంకు ఉద్యోగులను శత్రువులుగా చూడవద్దు. నలుగురు చేయవలసిన పని ఇద్దరు చేస్తున్న బ్రాంచిలో కౌంటరు మీది కసురు మాట వెనక వాళ్ల బాధలూ ఉన్నాయి. ఖాళీలు నింపాలని వాళ్ల సంఘాలు కోరుతున్నాయి. మనం కోరేదీ అదే. మనం అడిగే జవాబు బ్యాంకు యాజమాన్యం నుంచి.

కాగితంతో కానివి

ఈ ఫిర్యాదు పద్ధతితో అన్నీ సాధ్యమని భ్రమ పెట్టడం మా ఉద్దేశం కాదు. రుణం ఇవ్వాలా వద్దా, బాకీ మాఫీ చేయాలా వద్దా అన్నవాటిని బ్యాంకు వ్యాపార నిర్ణయాలంటారు. వాటి జోలికి అంబుడ్స్‌మన్ వెళ్లడు. భూమి లేని కౌలురైతుకు పంట రుణం రాకపోవడం, చిన్న రైతు మళ్లీ వడ్డీ వ్యాపారి గడప తొక్కడం ఒక ఉత్తరంతో తీరే బాధలు కావు. అవి ఉద్యమం తీర్చవలసినవి.

అయినా పోయిన కూలిని రాబట్టుకోవడం ఆ ఉద్యమానికి అడ్డం కాదు. తన 1,000 రూపాయలకు లెక్క అడిగి రాబట్టిన మనిషి రేపు పంట రుణానికి కూడా నిలదీస్తాడు. కొన్ని కోర్కెలను ఇప్పుడే బ్యాంకుల ముందు, ప్రభుత్వం ముందు పెట్టాలి. కూలి డబ్బుకు హోల్డ్ పెట్టరాదని స్పష్టమైన ఉత్తర్వు రావాలి. ప్రతి బ్రాంచిలో ఫిర్యాదుల పుస్తకం జనానికి కనిపించే చోట ఉండాలి, ఫిర్యాదు ఫారాలు తెలుగులో ఉండాలి. వేలిముద్ర మిషను ప్రతిసారీ చీటీ ఇవ్వాలి. అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకునేవాళ్లు కనీసం నెలకొకసారి మండల కేంద్రానికి రావాలి. చండీగఢ్ దాకా ఉత్తరం రాయమనడం కూలివాడికి న్యాయం దగ్గర చేయడం అనిపించుకోదు.

ఆ ఉత్తర్వులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ వారమే ఊళ్లోని పాసుపుస్తకాలు ప్రింటు చేయించండి. లెక్క కుదరని ప్రతి పద్దుకూ ఒక కాగితం రాయండి. రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని, తేదీ చూసుకుని, 30 రోజులు లెక్కపెట్టండి.